కొట్టివేతలూ చదువే!

ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో రికార్డు పుస్తకం చూడనివాళ్లు ఉండరు. గట్టి అట్ట, దానికి బ్రౌన్ కాగితం తొడుగు, మొదటి పేజీలో సర్టిఫికెట్, తర్వాత విషయసూచిక, ప్రతి ప్రయోగం చివరా ఎర్రసిరా సంతకం. రసాయనశాస్త్రానికీ అదే, కంప్యూటర్ ల్యాబ్‌కీ అదే. తెర మీద నడవాల్సిన ప్రోగ్రామును ముందు అబ్జర్వేషన్ నోటుబుక్కులో రాయాలి. ల్యాబ్‌లో నడిపి చూపించి సంతకం పెట్టించుకోవాలి. ఆ తర్వాత రికార్డులోకి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించాలి. కొట్టివేతలు ఉండకూడదు. ఉంటే ఆ పేజీ మళ్లీ రాయాల్సిందే.

అందుకే ఎక్స్‌టర్నల్ పరీక్ష దగ్గరపడితే హాస్టల్ గదుల్లో పాఠ్యపుస్తకాలకంటే రికార్డులకే గిరాకీ ఎక్కువ. సీనియర్ రికార్డు జూనియర్ చేతికి, అక్కడి నుంచి పక్క గదికి... ఒక్క రాత్రిలో పదీ పన్నెండు ప్రయోగాలు పూర్తయిపోతాయి! ఆ ప్రోగ్రాముల్లో తప్పు వెతికినా దొరకదు. వాటిని ఏ మూడేళ్ల కిందటో ఎవరో సరిచేసి పెట్టారు మరి.

అంత చక్కటి పుస్తకం ఒక్క సంగతి మాత్రం చెప్పదు. రాసినవాళ్లు ఎక్కడ తడబడ్డారు? ఎలా తేరుకున్నారు? అసలు తడబడ్డారా, లేదా? నిజానికి ప్రోగ్రామింగ్ నేర్చుకోవడమంటే సగానికి సగం తడబడటమే. ఆ సగాన్నే రికార్డు పుస్తకం దాచేస్తుంది.

కాగితం బదులు కంప్యూటర్ వచ్చినా పద్ధతి పెద్దగా మారలేదు. చేసిన పనిని జిప్ ఫైలుగా చుట్టి ఈ-మెయిలులో పంపడమో, పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడమో చేస్తారు. ఆ ఫైళ్ల పేర్లు చూస్తే నవ్వొస్తుంది. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'ఇదే అసలు ఫైనల్'! ఏది పంపారో పంపినవాళ్లకే గుర్తుండదు. ఎన్ని ఫైనళ్లున్నా మాస్టారి చేతికి చేరేది మాత్రం ఫెయిర్ కాపీ ఒక్కటే.

ఈ తంతుకు భిన్నంగా, చేసిన పనినే కాదు... చేసిన తీరునూ కలిపి అప్పగించే పద్ధతి ఒకటుంది. దాని పేరు వెర్షన్ కంట్రోల్. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అది రోజూ వాడే పనిముట్టు. తరగతి గదిలోకి వస్తే అది చదువునే కాస్త మార్చేస్తుంది.

పది రోజుల పని... ప్రపంచానికి పనిముట్టు

ప్రోగ్రాములో చేసిన ప్రతి మార్పునూ భద్రపరచాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1972లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే వ్యవస్థను తయారుచేశారు. 1980ల మొదట్లో వాల్టర్ టిఖీ ఆర్‌సీఎస్‌ను రూపొందించారు. ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. వాటన్నిటినీ వెనక్కి నెట్టింది మాత్రం గిట్.

దాని పుట్టుక వెనక ఒక చిక్కుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారీలో ప్రపంచమంతటి నుంచీ ప్రోగ్రామర్లు పాలుపంచుకుంటారు. వాళ్ల మార్పులన్నీ ఒకచోట చేర్చడానికి 2002 నుంచి బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడేవారు. 2005లో ఆ కంపెనీ ఉచిత సదుపాయాన్ని ఉపసంహరించుకుంది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఇక ఒకరి మీద ఆధారపడటం ఎందుకనుకున్నారు. ఏప్రిల్ మొదట్లో కూర్చుని, పనికొచ్చే తొలి రూపాన్ని పది రోజుల్లోనే నిలబెట్టారు. అదే గిట్. ఆ ఏడాది జులైలో నిర్వహణ బాధ్యతను జునియో హమానోకు అప్పగించారు. 2008లో గిట్‌హబ్ వచ్చి, గిట్‌లో భద్రపరిచిన పనిని ఇంటర్నెట్‌లో దాచుకోవడం, పంచుకోవడం తేలిక చేసింది.

తరగతులకూ అది పాకింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పేరుపొందిన సీఎస్50 కోర్సు విద్యార్థులు 'సబ్మిట్50' అనే చిన్న ఆదేశంతో హోంవర్క్ అప్పగిస్తారు. తెర వెనక ఆ పని చేసేది గిట్టే. 2015లో గిట్‌హబ్ ఉపాధ్యాయుల కోసం 'క్లాస్‌రూమ్' అనే సాధనాన్నీ తెచ్చింది. మాస్టారు ఒక అసైన్‌మెంట్ ఇస్తే ప్రతి విద్యార్థికీ విడిగా ఒక ఖాతా తెరుచుకుంటుంది. అందులో ఎవరి పని వాళ్లు చేసుకుంటారు.

నాయనకు తెలిసిన లెక్కే!

హార్వర్డ్ సంగతి సరే... అనంతపురం పల్లెలో ఇదెలా ఉంటుంది? 1946లో మొదలైన ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల ఉన్న ఊరు అనంతపురం. 2008లో అదే జేఎన్‌టీయూ అనంతపురంగా, వేరే విశ్వవిద్యాలయంగా మారింది. ఊరి పొలిమేర దాటితే మాత్రం ఎర్రనేలలూ వేరుశనగ చేలూ. పడమటి కనుమల చాటున ఉండటంతో నైరుతి మేఘాలు ఇక్కడికొచ్చేసరికి తేలిపోతాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్యం కూడా అంతంతమాత్రమే. ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ అదనుకు పడితేనే!

అలాంటి చోట, కల్యాణదుర్గం వైపు ఒక రైతు ఇంటిని ఊహించుకోండి. ఆ ఇంట్లో ఇంజినీరింగ్ దాకా వచ్చిన మొదటి పిల్ల సెలవులకు ఇంటికొచ్చింది. రాత్రి పొద్దుపోయాక కూడా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంది.

''ఏం చేస్తాండావు పాపా ఇంతసేపు?''

''అసైన్‌మెంటు పంపల్ల నాయనా.''

''ఈడ నెట్టు సరిగా లేదు కదా. ఎట్ల పంపుతావు?''

''చేసింది చేసినట్టు దీంట్లోనే జమ అయితాది. సిగ్నల్ వచ్చినప్పుడు అంతా ఒకేసారి పోతాది.''

ఆమె చెప్పింది నిజమే. గిట్‌లో రెండు వేర్వేరు మెట్లున్నాయి. కొంత పని కాగానే దాన్ని తన కంప్యూటర్‌లోనే నమోదు చేసుకోవడం మొదటిది. దాన్ని 'కమిట్' అంటారు. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. జమ అయిన నమోదులన్నీ కాలేజీ సర్వరుకో, గిట్‌హబ్‌కో పంపడం రెండోది. అది 'పుష్'. దీనికి మాత్రం నెట్ కావాలి. ప్రోగ్రామంటే వట్టి అక్షరాలే కాబట్టి నెలరోజుల హోంవర్క్ అంతా కలిపినా ఒక ఫొటో అంత బరువు ఉండదు. మిద్దె మీదకెక్కి ఫోన్ పట్టుకుంటే వచ్చే బలహీనమైన సిగ్నల్ అయినా సరిపోతుంది.

ప్రతి కమిట్‌కూ నాలుగు సంగతులు అంటిపెట్టుకుని ఉంటాయి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ వరస తీసి ఏ వరస చేర్చారు, ఎందుకు చేశారు. చివరిదాన్ని చేసినవాళ్లే ఒక్క వాక్యంలో రాయాలి. ఇదంతా విన్న రైతుకు అర్థం కావడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. అడంగల్ తెలిస్తే చాలు! ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, ఆ ఏడు ఏ పంట, నీరెక్కడిది, సాగుచేసిందెవరు... ఏటేటా రాసే లెక్క అది. ఈ నేలకు అలాంటి లెక్కలు కొత్త కాదు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడ చేను చేనూ కొలిపించి రైతు పేరిట రాయించాడు. 1984లో రద్దయ్యేదాకా గ్రామాల్లో ఆ కవిలెలు కరణాల చేతుల్లో ఉండేవి. ఇప్పుడు ఈ-పంట నమోదు. పైరు ఎండినా, విత్తినట్టు నమోదై ఉంటేనే బీమాకో పరిహారానికో దారి. చేతికి గింజ రాని ఏడు కూడా 'సాగు చేశాడు' అని రాసి ఉండటం ఎంత అవసరమో ఆ ఇంటికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

పాపకు ప్రోగ్రాం నడవకపోయినా 'పని చేసింది' అని చెప్పే లెక్క ఉండటమూ అంతే.

వాన పడని రోజు, కొలవని రోజు

ఆ అసైన్‌మెంట్ చాలా చిన్నది అనుకుందాం. ఒక ఊరి వర్షపాతం అంకెలు చదివి సగటు చెప్పాలి. అయిదు రోజుల అంకెలిచ్చారు. మొదటి రోజు 12 మిల్లీమీటర్లు, రెండో రోజు 0, మూడో రోజు ఖాళీ, నాలుగో రోజు 8, అయిదో రోజు 0.

మొదటి కమిట్‌లో ఆమె ప్రోగ్రాం అంకెలను చదవగలిగింది. పక్కన ఒక వాక్యం, 'ఫైలు చదువుతోంది, సగటు ఇంకా లేదు.' రెండో కమిట్‌లో సగటు వచ్చింది. మొత్తం 20ని 5తో భాగిస్తే 4. అంతా బాగానే ఉన్నట్టుంది. మర్నాడు అనుమానం వచ్చింది. మూడో రోజు ఖాళీగా ఎందుకుంది? వాన పడలేదా? పడకపోతే 0 అని రాసేవారు కదా! అంటే ఆ రోజు ఎవరూ కొలవలేదు. కొలవని రోజును వాన పడని రోజుగా లెక్కేస్తే సగటు తగ్గిపోతుంది. 20ని 4తోనే భాగించాలి. జవాబు 5.

మూడో కమిట్ పక్కన ఇలా రాసింది, 'ఖాళీ అంటే సున్నా కాదు. కొలవని రోజును లెక్కలోంచి తీసేశాను.'

జిప్ ఫైలు పంపి ఉంటే మాస్టారికి '5' మాత్రమే కనిపించేది. పక్కవాళ్ల దగ్గర చూసి రాసినా అదే 5. కమిట్ల వరసలో మాత్రం 4 నుంచి 5కు నడిచిన దారి కనిపిస్తుంది. తీసేసిన వరస ఎర్రగా, చేర్చిన వరస పచ్చగా పక్కపక్కనే తేలతాయి. సున్నాకూ ఖాళీకీ తేడా తెలుసుకోవడమే ఈ అసైన్‌మెంట్‌లోని అసలు పాఠం. ఆ పాఠం ఆమెకు వచ్చిందని చెప్పే సాక్ష్యం ఫెయిర్ కాపీలో లేదు... కొట్టివేతలో ఉంది!

గిట్‌లో మరో వెసులుబాటు 'బ్రాంచ్'. నడుస్తున్న ప్రోగ్రాంను కదిలించకుండా పక్కన ఒక నకలు పెట్టుకుని కొత్త ఆలోచనను పరీక్షించుకోవచ్చు. బాగుంటే అసలుదాంట్లో కలపొచ్చు. బాగా లేకపోతే వదిలేయొచ్చు. ఇదీ రైతుకు తెలిసిన విద్యే. కదిరి పరిశోధన కేంద్రం నుంచి లేపాక్షి అనే కొత్త వేరుశనగ రకం వచ్చిందంటే చేనంతా ఒక్కసారే వేయరు. నాలుగెకరాల్లో పాత కదిరి-6 వేసి, ఓ మూల ఎకరంలో కొత్తది చల్లి చూస్తారు. ఎకరం పోయినా ఇల్లు గడుస్తుంది. పోతుందన్న భయం లేనప్పుడే పిల్లలైనా రైతులైనా ప్రయోగం చేయగలరు.

గొలుసుకట్టు కాపలా

మరి ఈ లెక్కను దొంగగా దిద్దలేరా? పూర్వం కర్ణాటకలోనూ, ఈ సీమలోనూ లెక్కలు రాయడానికి కడితం వాడేవారు. గుడ్డకు బొగ్గుపొడి, చింతగింజల జిగురు పట్టించి మడతలు పెట్టిన పుస్తకం అది. బలపంతో రాసేవారు. తుడిచేసి మళ్లీ రాసుకోవచ్చు. తుడిచినట్టు కూడా తెలియదు!

గిట్‌లో అంత తేలిక కాదు. ప్రతి కమిట్‌కూ అందులోని సమాచారాన్నిబట్టి లెక్కగట్టిన ఒక గుర్తు ఉంటుంది. సాధారణంగా 40 అంకెలూ అక్షరాలూ కలిసిన వరస అది. ఒక్క కామా మార్చినా గుర్తు మొత్తం మారిపోతుంది. పైగా ప్రతి కమిట్‌లోనూ దాని ముందు కమిట్ గుర్తు ఇమిడి ఉంటుంది. గొలుసుకట్టు చెరువుల్లా అన్నమాట. పై చెరువుకు గండి పడితే ఆ సంగతి కింది చెరువులన్నిటికీ తెలిసిపోతుంది. అలాగే పాత కమిట్‌ను మారిస్తే దాని తర్వాతి గుర్తులన్నీ మారతాయి. అప్పటికే సర్వరుకు చేరిన వరసతో అది కలవదు. బలవంతంగా రుద్దితే తప్ప సర్వరు ఒప్పుకోదు. ఆ బలవంతాన్నీ మాస్టారు ముందే నిషేధించవచ్చు.

అయినా సందులు లేకపోలేదు. కమిట్ మీద పడే తేదీ విద్యార్థి కంప్యూటర్‌లోని గడియారాన్ని బట్టి ఉంటుంది. గడియారం వెనక్కి తిప్పితే తేదీ కూడా తిరుగుతుంది. గడువు విషయంలో నమ్మాల్సింది సర్వరుకు చేరిన సమయాన్నే. ఇక కాపీ కొట్టడం. పేర్లు మార్చి వరసలు అటూ ఇటూ జరిపినా పోలికలు పసిగట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన 'మాస్' వాటిలో పేరున్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక సమస్య మరో మలుపు తిరిగింది. అడిగితే చాలు, యంత్రమే ప్రోగ్రాం రాసిస్తోంది. అది పక్కవాళ్లదానిలా కూడా ఉండదు!

ఇక్కడే కమిట్ల వరసకు విలువ పెరిగింది. వారం రోజుల గడువిస్తే, ఆరు రోజులు ఏమీ లేకుండా ఏడో రోజు అర్ధరాత్రికి పది నిమిషాల ముందు మూడొందల వరసలు ఒక్కసారే ఊడిపడితే అనుమానించాల్సిందే. అంతమాత్రాన దొంగతనమని తేల్చేయకూడదు. ఇంట్లో పెళ్లి కావచ్చు, జ్వరం కావచ్చు, కమిట్ చేయాలని తెలియకపోయి ఉండొచ్చు. అడగాలి. వైవాలో ఆ విద్యార్థి కమిట్‌నే ఒకటి తెరిచి 'ఈ వరస ఎందుకు తీసేశావు?' అంటే చాలు. తనే చేసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. లేనివాళ్లు తెరవంక చూస్తారు.

లెక్కపెట్టడం కాదు... చదవాలి

ఇంత మంచి పనిముట్టునూ పాడుచేసే దారులున్నాయి. 'పది కమిట్లుంటే పది మార్కులు' అని షరతు పెడితే పిల్లలు పది కమిట్లూ చేస్తారు. ఒకదాంట్లో చుక్క పెడతారు, ఇంకోదాంట్లో ఆ చుక్క తీసేస్తారు. రికార్డు పుస్తకానికి మరో రూపం తయారవుతుంది! 'తప్పు చేసినట్టు కనిపిస్తోంది కాబట్టి మార్కు తగ్గించాను' అన్నా అంతే. మర్నాటి నుంచి తప్పులు వేరే చోట దిద్దుకుని, శుభ్రమైనదే తెచ్చి పెడతారు. మొదట్లో జరిగే పొరపాట్లకు మార్కులు పోవని మాస్టారు ముందే చెప్పాలి. చెప్పినట్టే నడుచుకోవాలి.

అరవై మంది ఉన్న సెక్షన్‌లో అందరి కమిట్లూ చదవడం ఒక్కరివల్ల అయ్యే పనేనా? ప్రోగ్రాం నడుస్తోందా లేదా అనేది యంత్రమే పరీక్షించి చెప్పగలదు. ఖాళీ గడి ఇస్తే ఏమవుతుంది, ఫైలే లేకపోతే ఏమవుతుంది లాంటి పరీక్షలు ముందే రాసిపెడితే, పుష్ చేసిన కాసేపటికే ఫలితం వస్తుంది. అలా మిగిలిన సమయాన్ని చదవడానికి వాడుకోవచ్చు. వారానికి అయిదారుగురి దారిని చదివి రెండు మాటలు చెప్పినా సెమిస్టరు ముగిసేసరికి అందరి వంతూ వస్తుంది.

పిల్లలు పాటించాల్సిన జాగ్రత్తలూ ఉన్నాయి. గిట్ ఏదీ మరచిపోదు. పొరపాటున పాస్‌వర్డ్‌ను ప్రోగ్రాంలో రాసి కమిట్ చేస్తే, తర్వాత తీసేసినా పాత నమోదులో అది అలాగే ఉంటుంది. వెంటనే పాస్‌వర్డే మార్చేసుకోవాలి. హోంవర్క్ ఖాతాను అందరికీ కనిపించేలా పెడితే వచ్చే ఏడాది జూనియర్లకు అది రెడీమేడ్ రికార్డు అవుతుంది. గిట్‌హబ్‌లో 2019 నుంచి ప్రైవేటు ఖాతాలూ ఉచితమే కాబట్టి కోర్సు పూర్తయ్యేవరకూ తలుపు వేసి ఉంచడం మేలు. కమిట్ పక్కన రాసే వాక్యాన్ని 'మార్చాను', 'అయిపోయింది' అని తేల్చేయకూడదు. ఆరు నెలల తర్వాత చదివితే తమకే అర్థమయ్యేలా ఉండాలి.

ఇంకో లాభం కాలేజీ గేటు దాటాక తెలుస్తుంది. ఇంగ్లిషులో గలగలా మాట్లాడలేని పల్లె పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు నోరు పెగలక వెనకబడిపోతుంటారు. వాళ్ల దగ్గర చూపించడానికి మూడేళ్ల పని దారి ఉందనుకోండి. ఏ తప్పు ఎప్పుడు పట్టుకున్నారో, ఎలా దిద్దుకున్నారో అదే మాట్లాడుతుంది. దానివల్ల ఉద్యోగం ఖాయమని ఎవరూ చెప్పలేరు. అయితే నెగ్గిన ఫలితంతో పాటు పడిన శ్రమనూ ఎదుటివాళ్ల ముందు పెట్టే అవకాశం మాత్రం దొరుకుతుంది. ఎంత చాకిరీ చేసినా చివరికి 'గింజ రాలేదు కదా' అన్న ఒక్క మాటతో ఏడాది కష్టం తుడిచిపెట్టుకుపోయే సీమలో అది చిన్న సంగతి కాదు.

పిల్లలు సెలవులకు ఇంటికి రాగానే ''ఎన్ని మార్కులొచ్చాయి?'' అని అడగడం పెద్దవాళ్లకు అలవాటు. ఈసారి దాంతోపాటు ఇంకోటి కూడా అడిగి చూడండి. ''మొన్న ఏం తప్పు చేశావు, ఎట్ల దిద్దినావు?'' అని. ల్యాప్‌టాప్ తెరిచి ఎర్ర వరసా, పచ్చ వరసా చూపిస్తూ ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టారంటే... చదువు బాగానే సాగుతోందని లెక్క!